తట్టి లేపేవాళ్ళు లేని చోట

అమలాపురం, రాజోలు, కొత్తపేట పిల్లలు ఇంటర్ కోసం విజయవాడో విశాఖో వెళ్ళి కార్పొరేట్ హాస్టల్లో చేరితే, ఆ రెండేళ్ళలో వాళ్ళంతట వాళ్ళు నిర్ణయించుకునేది దాదాపు ఏమీ ఉండదు. తెల్లారకముందే లేపేది వార్డెన్. ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో చెప్పేది గోడకి అంటించిన టైమ్ టేబుల్. స్టడీ అవర్లో కునుకు పడితే భుజం తట్టడానికి ఒక మనిషి. వారం వారం పరీక్ష, ఆ మార్కులు వెంటనే నాన్న ఫోన్‌కి. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. ఆ గేటు దాటిన కొద్ది నెలలకే కెనడాలో డిగ్రీ క్లాసులో కూర్చునే పిల్లలకి ఏమవుతుందన్నదే ఈ అధ్యాయం.

అక్కడ ఒక టర్ములో మామూలుగా ఐదు కోర్సులు. ఒక్కో కోర్సుకి వారానికి సుమారు మూడు గంటల లెక్చర్. అంటే పదిహేను గంటలు. సైన్సు, ఇంజనీరింగ్ వాళ్ళకి ల్యాబులు, ట్యుటోరియల్స్ మరికొన్ని గంటలు. మంగళవారం పదకొండింటికి క్లాసు అయిపోతే మళ్ళీ క్లాసు బుధవారం మధ్యాహ్నం కావచ్చు. మధ్యలో ఏం చేయాలో చెప్పే నాథుడు లేడు. పెద్ద యూనివర్సిటీల్లో మొదటి ఏడాది క్లాసులో వందల మంది కూర్చుంటారు, నువ్వు రాలేదన్న సంగతి ప్రొఫెసర్‌కి తెలియను కూడా తెలియదు. తెలిసినా ఇంటికి ఫోన్ వెళ్ళదు. ఫీజు కట్టింది అమ్మానాన్నలే అయినా, నీ అనుమతి లేకుండా నీ మార్కులు వాళ్ళకి చెప్పడం యూనివర్సిటీకి కుదరదు. అక్కడి గోప్యతా నియమాలు అలాంటివి.

వెళ్ళబోయే పిల్లలు నన్నడిగే మొదటి ప్రశ్న చలి గురించి. చలికి కోటు ఉంది, అది అక్కడికి వెళ్ళాకే కొనుక్కో, హైదరాబాద్‌లో కొన్నది అక్కడి జనవరికి ఆగదు. ఈ ఖాళీ గంటలకి మాత్రం ఏ కొట్లోనూ కోటు దొరకదు. మొదటి ఏడాది దెబ్బతిన్న చదువుల్లో చలి వంతు చాలా తక్కువని నా అభిప్రాయం.

టర్ము మొదలైన మొదటి వారంలో ప్రతి కోర్సుకీ కోర్సు అవుట్‌లైన్ అని కొన్ని పేజీలు ఇస్తారు. మన పిల్లలు దాన్ని డౌన్‌లోడ్ చేసి మళ్ళీ తెరవరు. ఏ అసైన్‌మెంట్ ఏ తేదీకి ఇవ్వాలి, మిడ్‌టర్మ్ ఎప్పుడు, దేనికి ఎంత శాతం, ఆలస్యమైతే రోజుకి ఎంత కోత, ప్రొఫెసర్ తన గదిలో ఏ రోజు ఏ వేళకి దొరుకుతారు, ఏఐ వాడొచ్చా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత ఎవరూ గుర్తు చేయరు. 'నాకు తెలియదండి' అంటే 'అవుట్‌లైన్‌లో ఉంది' అన్న జవాబు వస్తుంది, దానితో మాట అయిపోతుంది.

అందుకని సెప్టెంబరు మొదటి ఆదివారాల్లో ఒక పూట దీనికే ఇచ్చెయ్. ఐదు అవుట్‌లైన్లూ ముందు పెట్టుకుని, గోడకి పెద్ద క్యాలెండర్ తగిలించు. ఫోన్ క్యాలెండర్ కాదు, నిద్ర లేవగానే కళ్ళబడేది. ప్రతి గడువునీ ఎర్ర ఇంకుతో రాయి. దానికి పది రోజుల ముందు, ఆ పని మొదలుపెట్టాల్సిన రోజుని నీలం ఇంకుతో రాయి. రాస్తున్నప్పుడే ఒక సంగతి బయటపడుతుంది: అక్టోబరులో రెండు మూడు వారాల్లో నాలుగు మిడ్‌టర్ములు, రెండు రిపోర్టులు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. సెప్టెంబరులో అంతా తీరుబడిగా కనిపించడానికి కారణం అదే. లెక్చర్ గంటకి రెండు గంటల సొంత చదువు అని అక్కడ మామూలుగా చెప్పే లెక్క. పదిహేనుకి ముప్ఫై కలిపితే వారానికి నలభై అయిదు. ఇంటర్ హాస్టల్లో అంతకంటే ఎక్కువే కూర్చున్నావు. కాకపోతే అప్పుడు కూర్చోబెట్టారు.

అదే క్యాలెండర్ మీద ఇంకో రెండు తేదీలు గుర్తు పెట్టు. కోర్సు మానుకుంటే ఫీజు వెనక్కి వచ్చే ఆఖరి రోజు ఒకటి, మార్కుల జాబితాలో ఫెయిల్ పడకుండా కోర్సు వదులుకోగల ఆఖరి రోజు రెండోది. ఇవి యూనివర్సిటీని బట్టి మారతాయి, రిజిస్ట్రార్ పేజీలో ఉంటాయి. సబ్జెక్టు వదిలేయడమంటే మన దగ్గర పరువు పోయినట్టు. అక్కడ ఐదింటిలో ఒకటి మునిగేలా ఉంటే దాన్ని వదిలి నాలుగూ నిలబెట్టుకోవడం తెలివైన పని కిందే లెక్క. అయితే విదేశీ విద్యార్థికి ఒక మెలిక ఉంది. ఎన్ని కోర్సులుంటే ఫుల్‌టైమ్ అంటారో ఆ గీత కిందికి దిగితే క్యాంపస్ బయట పని చేసే హక్కు పోతుంది, చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్‌కీ చిక్కు రావచ్చు. కాబట్టి వదిలే బటన్ నొక్కే ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకి వెళ్ళి అడుగు. రూమ్మేటుని కాదు.

మార్కుల సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. ఇంటర్‌లో వెయ్యికి తొమ్మిది వందల అరవై తెచ్చుకున్న అమ్మాయికి మొదటి మిడ్‌టర్మ్‌లో 62 వస్తే రాత్రంతా నిద్ర పట్టదు. చాలా కెనడా యూనివర్సిటీల్లో 80 దాటితే 'ఏ' గ్రేడు వరసలో పడ్డట్టే. మన 95కీ అక్కడి 80కీ కొలబద్ద వేరు. 62 అంటే మునిగిపోవడం కాదు గానీ, ఊరుకోవాల్సిన మార్కు కూడా కాదు. ఆ వారమే వెళ్ళి జవాబు పత్రం చూపించమని అడగాలి. జీపీఏ ఒక గీత దాటి కిందికి పోతే అకడమిక్ ప్రొబేషన్ అంటారు, అక్కడి నుంచి కోలుకోవడానికి ఇంకో టర్ము పడుతుంది.

అడగడం అన్నాను. కోనసీమ పిల్లలకి అన్నిటికంటే కష్టమైనది ఇదేనేమో. మన కాలేజీల్లో స్టాఫ్ రూముకి వెళ్ళడమంటే ఏదో తప్పు చేసి పిలిపించుకున్నట్టే. అక్కడ ప్రతి ప్రొఫెసరూ వారానికి ఒకటి రెండు గంటలు తలుపు తీసి కూర్చుంటారు. ఆఫీస్ అవర్స్ అంటారు. మిడ్‌టర్మ్ ముందు రోజు తప్ప ఆ గది తరచు ఖాళీగానే ఉంటుంది. నువ్వు కట్టే ఫీజులో ఆ కుర్చీ కూడా ఉంది. వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో మాత్రం వెళ్ళకు. 'సార్, ఛాప్టర్ అర్థం కాలేదు' అంటే ఆయన మాత్రం ఏం చెప్పగలడు? 'మూడో లెక్కలో ఇంతవరకు వచ్చాను, ఈ మెట్టు ఎందుకు చెల్లుతుందో తెలియడం లేదు' అని నీ కాగితం ముందు పెడితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ప్రొఫెసర్ దగ్గర బెరుకైతే టీచింగ్ అసిస్టెంట్ దగ్గర మొదలుపెట్టు, వాళ్ళు చాలావరకు పీజీ విద్యార్థులే, అందులో మనవాళ్ళూ ఉంటారు. వ్యాసాలు రాయడంలో తడబడితే రైటింగ్ సెంటర్ ఉంది, డబ్బు తీసుకోరు.

ఈమెయిల్ రాయడానికి కూడా ఒక తీరు ఉంది. మన లీవ్ లెటర్ల 'రెస్పెక్టెడ్ సర్' వద్దు, 'తమరి విధేయ విద్యార్థి' అంతకన్నా వద్దు. ప్రొఫెసర్ అని ఇంటిపేరు, పైన సబ్జెక్టు గడిలో కోర్సు నంబరు, నీ ప్రశ్న రెండు మూడు వాక్యాల్లో, చివర పేరు, స్టూడెంట్ నంబరు. ప్రతి మాట చివరా 'అండి' తగిలించకుండా ఉండలేని కోనసీమ పిల్లలకి మర్యాద ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మర్యాద పేరుతో నోరు కట్టేసుకోవడమే మానాలి. అన్నట్టు, పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు ఏ గడిలో ఏది పడిందో చూసుకో. మనవాళ్ళలో చాలామందికి అవి తారుమారై, అక్కడ క్లాసులో అందరూ ఇంటిపేరుతో పిలుస్తుంటారు. చాలా యూనివర్సిటీల పోర్టల్లో పిలిపించుకోవాలనుకునే పేరు ఇచ్చే వీలుంది. మొదటి రోజే ఇచ్చెయ్.

ఇక రికార్డుల సంగతి. మన దగ్గర ఫిజిక్స్ రికార్డు, కెమిస్ట్రీ రికార్డు ఎలా రాస్తారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. బాగా రాసే పిల్ల పుస్తకం క్లాసంతా తిరుగుతుంది, రీడింగులతో సహా. ఎవరూ దాన్ని దొంగతనం అనరు, స్నేహం అంటారు. కెనడాలో అదే పని చేస్తే అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు అవుతుంది. తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడి మీద కూడా. తెలుగు పిల్లలు ఎక్కువ ఇరుక్కునేది ఈ ఇచ్చే వైపే. 'రేపటికి ఇవ్వాలిరా, ఒకసారి చూస్తాను' అని రాత్రి పన్నెండింటికి అడిగిన స్నేహితుడికి కోడ్ ఫైల్ పంపుతాడు. రెండు ఫైళ్ళూ ఒకేలా ఉన్నాయని సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. మొదటిసారికి ఆ అసైన్‌మెంట్‌కి సున్నా, మళ్ళీ జరిగితే కోర్సే పోవచ్చు, ఇంకా ముదిరితే సస్పెన్షన్. సస్పెండ్ అయిన విద్యార్థికి స్టడీ పర్మిట్ తలనొప్పి అదనం. కాబట్టి సమాధానం నోటితో చెప్పు, బోర్డు మీద గీసి చూపించు, ఫైలు మాత్రం పంపకు. పుస్తకంలోంచో ఇంటర్నెట్‌లోంచో ఒక ముక్క తీసుకుంటే ఎక్కడిదో రాయి. ఏఐ సంగతి ప్రతి కోర్సుకీ వేరు. ఒక ప్రొఫెసర్ వాడమంటారు, పక్క గదిలో ఇంకొకరు ముట్టుకోవద్దంటారు. అవుట్‌లైన్‌లో ఏముంటే అదే.

డబ్బు గురించి చెప్పే ముందు ఈ పేజీలు అమ్మానాన్నలకి కూడా చదివి వినిపించమని కోరుతున్నాను. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధికి వెళ్ళినా గల్ఫ్ డబ్బుతో లేచిన డాబా ఒకటైనా కనిపిస్తుంది. కువైట్ వెళ్ళినవాళ్ళు కొద్ది నెలల్లోనే ఇంటికి పంపడం మొదలుపెట్టారు. ఆ అనుభవం వల్ల, దేశం దాటితే డబ్బు ఇటు రావాలన్న లెక్క మనకి అలవాటైపోయింది. డిగ్రీ చదువు అలాంటిది కాదు. కొబ్బరి మొక్క నాటిన మర్నాడే దింపు మనిషిని పిలవం కదా. కెనడాలో విదేశీ విద్యార్థికి డిగ్రీ ఫీజు 2024-25లో ఏడాదికి సగటున 40 వేల కెనడా డాలర్లు. ఆ డాలరు 60 రూపాయల పైమాటే. నాలుగేళ్ళకి ఫీజే కోటి రూపాయలకి అటూ ఇటూ. తిండి, అద్దె దీనికి పైన.

'పార్ట్‌టైమ్ చేసుకుంటాడులే' అన్న మాట దగ్గరే చాలా ఇళ్ళలో లెక్క తప్పుతోంది. చదువు నడుస్తున్న నెలల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలకి మించి పని చేయకూడదు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకి 17.60 డాలర్లు. మొత్తం 24 గంటలూ చేసినా వారానికి 422, పన్నులు పోకముందు. ఆ డబ్బుతో అద్దె, సరుకులు గడుస్తాయి. ఫీజు కట్టడం కుదరదు. దానికి తోడు మొదటి టర్ములోనే 24 గంటలు పని పెట్టుకున్న పిల్లాడికి పైన చెప్పిన నలభై అయిదు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నా సలహా మొండిగా ఉంటుంది: డిసెంబరు పరీక్షలు అయ్యేదాకా పని వద్దు. తర్వాత కూడా లైబ్రరీ, ల్యాబు, క్యాంపస్ కెఫెటేరియా ముందు చూడు. వాటికి గంటల పరిమితి లేదు, క్లాసుకి పరిగెత్తాల్సిన దూరమూ లేదు. చదువుతోపాటే జీతమిచ్చే పని కావాలనుకుంటే కో-ఆప్ ప్రోగ్రాములు ఉన్నాయి. వాటర్లూ యూనివర్సిటీ 1957లో పుట్టిందే ఆ పద్ధతితో. ఒక టర్ము చదువు, ఒక టర్ము కంపెనీలో పని. సీటు కష్టం, కానీ దరఖాస్తు చేసే ముందే ఏయే యూనివర్సిటీల్లో ఉందో చూసుకోవడం మంచిది.

అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కొబ్బరికాయల ధర పడిపోయిన ఏడాదీ ఫీజు తగ్గదు. రూపాయి బలహీనపడితే ఇంకా పెరుగుతుంది. తోట మీద, పొలం మీద అప్పు తెచ్చి పంపేవాళ్ళు నాలుగేళ్ళ లెక్క కాగితం మీద వేసి, మూడో ఏడాది ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడే రాసుకోవాలి. మొదటి ఏడాది ఫీజు చేతిలో ఉంది, తర్వాత చూద్దాం అనుకునే ఇంటికి నా మాట: పిల్లాణ్ణి ఇక్కడే మంచి కాలేజీలో డిగ్రీ చదివించండి, పీజీకి పంపండి. మన తెలుగు పిల్లలు చాలామంది కెనడా వెళ్ళేది ఆ దారినే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

సీనియర్ల మాట గురించి ఒక హెచ్చరిక. వాళ్ళు అబద్ధం చెప్పరు, కాకపోతే వాళ్ళు వెళ్ళిన ఏడాది నిజం చెబుతారు. స్టడీ పర్మిట్ కోసం ఖర్చులకి చూపించాల్సిన డబ్బు 2023 చివరిదాకా 10,000 డాలర్లు. 2024 జనవరి 1 నుంచి 20,635. 2025 సెప్టెంబరు నుంచి 22,895, అంటే 14 లక్షల రూపాయల పైనే. పని గంటలు మొదట 20, కొన్నాళ్ళు పరిమితే లేదు, 2024 ఏప్రిల్ 30తో ఆ సడలింపు పోయింది, అదే నవంబరు నుంచి 24. 2024లో స్టడీ పర్మిట్ల సంఖ్యకే పరిమితి పెట్టి, డిగ్రీకి వెళ్ళేవాళ్ళు కెనడాలో తాము చదివే రాష్ట్ర ప్రభుత్వం నుంచి అటెస్టేషన్ లెటర్ కూడా తేవాలన్నారు. త్వరగా వీసా వచ్చే ఎస్‌డీఎస్ దారిని ఆ నవంబరులోనే మూసేశారు. రెండేళ్ళ కిందట వెళ్ళిన మేనమామ కొడుకు చెప్పిన అంకె ఈ రోజుకి పనికి రాకపోవచ్చు. కెనడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడటం అయిదు నిమిషాల పని. ఏజెంటు ఇచ్చిన అడ్మిషన్ లెటర్‌ని కూడా యూనివర్సిటీకి నువ్వే మెయిల్ పెట్టి సరిచూసుకో. నకిలీ లెటర్లతో వెళ్ళి, చదువయ్యాక దేశం వదలమన్న నోటీసులు అందుకున్న భారతీయ విద్యార్థుల వార్తలు 2023లో అందరం చదివాం.

గది విషయం క్లుప్తంగా. స్తోమత ఉంటే మొదటి ఏడాది క్యాంపస్ రెసిడెన్స్‌లోనే ఉండు. ఖరీదెక్కువే, కానీ టొరంటో పక్కన బ్రాంప్టన్ బేస్‌మెంటు నుంచి రోజుకి మూడు గంటలు బస్సుల్లో తిరిగే ఖర్చు రసీదులో కనబడదు. బయట తీసుకుంటే చూడని గదికి అమలాపురం నుంచి డబ్బు పంపొద్దు. ఒంటారియోలో ఇంటివాళ్ళు డిపాజిట్‌గా ఆఖరి నెల అద్దె మాత్రమే ముందుగా తీసుకోవచ్చు, ఆరు నెలలది అడిగితే అనుమానించు. సామాన్లలో ఆవకాయ, పూతరేకులు సరే. తినే వస్తువు ఏదున్నా విమానంలోంచి దిగగానే చెప్పాలి. మాంసం పచ్చళ్ళు, పచ్చి కాయలు లోపలికి రానిస్తారన్న ఆశ పెట్టుకోకు. చెబితే తీసేసుకుంటారేమో, దాస్తే జరిమానా.

మిగిలింది మనసు సంగతి. కష్టకాలం మొదటి నెల కాదు, అప్పుడంతా కొత్తే. నవంబరులో గడియారం గంట వెనక్కి జరిపాక టొరంటోలో అయిదు కాకుండానే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ తర్వాత జనవరి. సంక్రాంతి నాటికి చలికాలం టర్ము రెండో వారంలో ఉంటుంది, సెలవు ఉండదు. కనుమ రోజు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు కదులుతుంటే, ఊళ్ళో కుర్రాళ్ళంతా గంగలకుర్రు ప్రభని కౌశిక నదిలో దిగి భుజాల మీద మోస్తుంటే, నువ్వు ఫోన్లో లైవ్ చూస్తూ ఉంటావు. చూడు, తప్పు లేదు. అయితే ఆ రోజు ఒక్కడివే ఉండకు. తెలుగు సంఘాలు టొరంటో చుట్టుపక్కల సంక్రాంతి చేస్తాయి, క్యాంపస్‌లో భారతీయ విద్యార్థుల సంఘం ఉంటుంది. తెలుగువాళ్ళతో మాత్రమే తిరిగితే ఇంగ్లీషు రాదని కొందరు బెదిరిస్తారు. అది సగం నిజం. తెలుగు గదిలో వండుకో, ల్యాబు జట్టులో మాత్రం వేరేవాళ్ళతో చేరు.

రెండు వారాలు దాటి నిద్ర, తిండి సరిగా లేకపోతే, క్లాసుకి వెళ్ళబుద్ధి కాకపోతే క్యాంపస్ కౌన్సెలింగ్‌కి వెళ్ళు. అక్కడ చెప్పింది ఇంటికి చేరదు. మరీ ఓర్చుకోలేని రాత్రి 9-8-8కి ఫోన్ చేయొచ్చు, మెసేజీ పెట్టొచ్చు. 2023 నవంబరు 30 నుంచి కెనడా అంతటా పని చేస్తున్న నంబరు అది, పగలూ రాత్రీ తీస్తారు.

అమ్మానాన్నలకి ఫోన్ గురించి ఒక మాట. చలికాలంలో టొరంటోకీ మనకీ పదిన్నర గంటల తేడా, మార్చి నుంచి నవంబరు దాకా తొమ్మిదిన్నర. రాత్రి భోజనాలయ్యాక ఎనిమిదింటికి మీరు ఫోన్ చేస్తే అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర, పదిన్నర, అంటే క్లాసు వేళ. పిల్లాడు ఎత్తకపోతే కంగారు పడొద్దు. వారాంతంలో ఒక వేళ ఇద్దరూ అనుకోండి. 'తిన్నావా' తర్వాత వెంటనే 'మార్కులెన్ని' అని కాకుండా, ఈ వారం గోడ మీద ఎర్ర ఇంకు ఏ రోజుకి ఉందో అడగండి. అప్పుడు నిజం బయటికొస్తుంది.

ఆ ఫోన్లలో ఎప్పుడో ఒకసారి వచ్చే మాట ఉంది: 'నాన్నా, మేజర్ మార్చుకుందామనుకుంటున్నాను.' మన ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో బ్రాంచి ఒకసారి పడితే తలరాతే. అక్కడ చాలా ఆర్ట్స్, సైన్స్ డిగ్రీల్లో మేజర్ మొదటి ఏడాది తర్వాతే ఖరారు చేస్తారు. కంప్యూటర్ సైన్స్ అని వెళ్ళి స్టాటిస్టిక్స్‌లోనో ఎకనామిక్స్‌లోనో తేలినవాళ్ళు బోలెడుమంది. మారడం నేరం కాదు, కానీ ఉత్త మాటగా ఇంట్లో పడేస్తే ఆ రాత్రి ఎవరికీ అన్నం సహించదు. ముందు అకడమిక్ అడ్వైజర్‌ని కలువు. కొత్త మేజర్‌కి ఏ కోర్సులు తప్పనిసరో, ఇప్పటిదాకా పూర్తి చేసిన వాటిలో ఎన్ని లెక్కలోకి వస్తాయో, నాలుగేళ్ళలోనే అవుతుందా ఇంకో టర్ము పడుతుందా అని రాయించుకో. ఆ అదనపు టర్ము ఫీజు ఎంతో రూపాయల్లో వేసుకో. ఆ కాగితం ఫొటో తీసి ముందు వాట్సాప్‌లో పంపి, ఓ రెండు రోజులు ఆగి, అప్పుడు ఫోన్ చెయ్.